అవధానంలో రహస్యం లేదు, ఉన్నది మర్మం

అవధానం చూసి ఇళ్లకు మళ్లే జనం నోట ఒకటే మాట: "ఇందులో ఏదో రహస్యం ఉంది." ఏ గురువో చెవిలో మంత్రం ఊదాడట, చిన్నప్పుడు సరస్వతీ ఆకు నూరి తాగించారట అని పక్కవాడు అందుకుంటాడు. ఆ మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. అవధానంలో రహస్యమంటూ ఏదీ లేదు. ఉన్నదంతా మర్మమే.

రెండూ దాగి ఉండేవే గదా అంటారేమో. మన నుడికారం చూడండి. రహస్యాన్ని దాస్తాం, చెవిలో చెబుతాం, బట్టబయలు చేస్తాం. చెప్పడంతో దాని పని అయిపోతుంది. ఆ తరువాత చెప్పినవాడూ విన్నవాడూ ఒకటే. మర్మాన్ని మాత్రం ఎరుగుతాం, పట్టుకుంటాం. సుశ్రుతుడు శరీరంలో 107 మర్మస్థానాలు చెప్పాడు. ఆ జాబితా ఎవరైనా వల్లించవచ్చు. కత్తి పట్టిన చెయ్యి వాటిని తప్పించుకుని నడవడం వేరే విద్య.

దత్తపది సంగతి తీసుకోండి. ప్రశ్నలడిగే పృచ్ఛకుడు కారు, లారీ, వ్యాను, బస్సు అనే నాలుగు మాటలిచ్చి, రుక్మిణిని వర్ణించమన్నాడనుకుందాం. వాహనాల ఊసే రాకూడదు. కారు 'కారుణ్యం'లో ఒదిగిపోతుంది. లారీ 'లీలారీతి'లో, వ్యాను 'దివ్యానుభూతి'లో కలిసిపోతాయి. చిక్కంతా బస్సుతోనే. అక్కడ త్రికసంధి ఆదుకుంటుంది: ఆ సుదతి అంటే అస్సుదతి. దానికి ముందు 'రూపంబు' చేర్చండి, 'రూపంబస్సుదతి' అవుతుంది. బస్సు దిగిపోయింది, రుక్మిణి నిలిచింది! ఇదిగో, కిటుకు మొత్తం చెప్పేశాను. ఇప్పుడు వేదిక ఎక్కి, గంటలు మోగుతుండగా, యతి తప్పకుండా, శార్దూలంలో పాదానికో మాట చొప్పున చెప్పండి చూద్దాం.

నిషిద్ధాక్షరి ఇంకా పదునైనది. అవధాని 'శ్రీ' అన్నాడు. శ్రీరాముడు వస్తాడని పృచ్ఛకుడు 'రా'ను నిషేధించాడు. అవధాని 'ధ' అన్నాడు. శ్రీధరుణ్ణి ఆపడానికి పృచ్ఛకుడు 'ర'ను కొట్టేశాడు. అవధాని 'వు' అన్నాడు! శ్రీధవుడూ విష్ణువే. ఒక్కో అక్షరానికి రెండు మూడు దారులు ముందే చూసి పెట్టుకోవాలి, ఆ దారులన్నీ గణాల్లో ఇమడాలి. చివర ధారణ. చంపకమాల ఒక్కటే 84 అక్షరాలు. అలాంటి పద్యాలు కొన్నింటిని వరుసలు కలవకుండా అప్పజెప్పాలి. ప్రాసాక్షరం, యతిస్థానం అక్కడ ఆసరా ఇస్తాయని అవధానులే దాచకుండా చెబుతారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి "మీ ఇంట్లో ఈవేళ కూరేమిటి?" అని అడుగుతూనే ఉంటాడు.

ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు పండితులకు వదిలేస్తాను. పందొమ్మిదో శతాబ్దిలో మాడభూషి వేంకటాచార్యుల వారు దానికి ఊపు తెచ్చారు. దాన్ని ఊరూరా పండగ చేసింది మాత్రం దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. నేను ఆ జంట పక్షమే, దాచుకోను. కొప్పరపు సోదర కవుల ఆశుధార సామాన్యమైంది కాదు, గంటకు వందల పద్యాలు చెప్పారంటారు. కానీ నాకు వేగం కన్నా చమత్కారం మిన్న. సంస్కృతంలోనూ తెలుగులోనూ మమ్మల్ని గెలిస్తే మీసాలు తీసేస్తామని సవాలు విసిరిన ధీమా ఇంకెవరికుంది? చెళ్లపిళ్ల వారు శిష్యుల దగ్గర ఏమీ దాచలేదు. అయినా ఆ శిష్యుల్లో వేలూరి శివరామశాస్త్రి శతావధాని అయ్యారు, విశ్వనాథ మరో దారిన కవిసమ్రాట్టు అయ్యారు. విన్నవాళ్లందరికీ ఒకే విద్య అబ్బలేదు. తరువాతి కాలంలో ప్రొద్దుటూరు సి.వి. సుబ్బన్న శతావధాని ఈ విద్య మీద గ్రంథమే రాశారు. మేడసాని మోహన్, గరికిపాటి నరసింహారావు సహస్రావధానాలతో సభలు కిక్కిరిసేలా చేశారు. కన్నడంలో ఆర్. గణేశ్ శతావధానాలు చేసి ఆ భాషలో దీన్ని మళ్లీ నిలబెట్టారు.

ఇక నా గుండె మండే సంగతి. కొన్ని సభల్లో పూరించాల్సిన సమస్యలు ముందురోజే ఫోనులో అవధానికి చేరుతున్నాయి. ఇంట్లో రాసుకున్న పద్యాన్ని వేదిక మీద తడుముకున్నట్టు నటించి చదువుతున్నారు. నిషిద్ధాక్షరికి పృచ్ఛకుడు అడ్డు రాని అక్షరాలు ఏరి నిషేధిస్తున్నాడు. చివర శాలువా, బిరుదు, ఫోటో! ఇదీ రహస్యమంటే. దాచినంతసేపే బతుకుతుంది, బయటపడితే సిగ్గుచేటు. ప్రాస కోసం నిజంగా తడబడి, అర నిమిషం కళ్లు మూసుకుని పాదం పట్టుకున్న కుర్ర అవధానికి చప్పట్లు రావు, ఈ నటనకు వస్తాయి. ఇది అన్యాయం.

సభలు చేసేవాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను. సమస్యలు చీటీలు రాసి కుండలో వేసి, సభలోనే తీయించండి. ఛందస్సు రానివాణ్ణి నిషిద్ధాక్షరికి కూర్చోబెట్టకండి. అవధాని ఓ పాదం దగ్గర ఆగిపోతే ఆగనివ్వండి. తెలుగు మాస్టార్లూ, తొమ్మిదో తరగతి పిల్లలకు యతిప్రాసలు బట్టీ పట్టించే బదులు, వారానికొక దత్తపది ఇచ్చి చూడండి. బస్సు ఎక్కడ దాగుతుందో వాళ్లే వెతుక్కుంటారు.