కథనం ఎవరి పలుకుబడిలో? - అమెరికన్ ప్రాంతీయతావాదం, తెలుగు మాండలిక కథ: ఒక తులనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

మాండలిక సాహిత్యంపై వెలువడే సిద్ధాంతగ్రంథాల చివర పదపట్టిక తరచుగా కనిపిస్తుంది. పదసేకరణ అవసరమే. అయితే ఆ పదాలు కథలో ఎవరి నోట వచ్చాయి, కథకుడు ఏ భాషలో కథ నడిపాడు అనే ప్రశ్న వెనుకబడుతున్నది. 19వ శతాబ్ది చివరినాటి అమెరికన్ ప్రాంతీయతావాద రచనలతో పోల్చి ఆ ప్రశ్నను చర్చించడమే ఈ వ్యాస లక్ష్యం. ఇది ప్రభావ నిరూపణ కాదు, సామ్య పరిశీలన మాత్రమే.

2. అమెరికన్ నేపథ్యం:

అంతర్యుద్ధం (1861-65) ముగిసిన తరువాత అమెరికాలో హొవెల్స్ మొదలైనవారు వాస్తవికతావాదాన్ని నిలబెట్టారు. క్రేన్, నోరిస్ దానిని సహజవాదం వైపు నడిపారు. ఈ రెండింటికీ సమాంతరంగా ప్రాంతీయతావాదం పెరిగింది. 1869లో ఖండాంతర రైలుమార్గం పూర్తయింది. దూరప్రాంతాల యాసలు, ఆచారాలు పత్రికల ద్వారా నగర పాఠకులకు చేరాయి. ఆ కుతూహలంలోనే ఒక చిక్కు ఉంది. ప్రాంతం చదువరికి వింతవస్తువుగా మారే ప్రమాదం అది.

3. కథకుని స్థానం:

సారా ఆర్న్ జ్యూయెట్ 'ది కంట్రీ ఆఫ్ ది పాయింటెడ్ ఫర్స్' (1896)లో మేన్ తీరగ్రామస్థులు తమ యాసలో మాట్లాడతారు. వేసవికి అక్కడికి వచ్చిన రచయిత్రి శిష్టభాషలో కథ చెబుతుంది. చెస్నట్ 'ది కాంజూర్ ఉమన్' (1899)లోనూ శ్వేతజాతి కథకునిది శిష్టభాషే. కానీ లోపలి కథలు చెప్పే జూలియస్, వాటితోనే తన ప్రయోజనాన్ని సాధించుకుంటాడు. చట్రాన్ని చట్రంలోని పాత్రే ప్రశ్నించడం ఇక్కడి విశేషం. ట్వైన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, 'హకిల్‌బెరీ ఫిన్' (1884) కథనాన్నంతా హక్ నోటికే అప్పగించాడు.

ప్రాంతీయ నవలను పర్యాటకుడు రాయలేడని హామ్లిన్ గార్లండ్ 'క్రంబ్లింగ్ ఐడల్స్' (1894)లో వాదించాడు. ఆయన కథ 'అండర్ ది లయన్స్ పా'లో రైతు తన శ్రమతో పొలాన్ని బాగుచేస్తాడు. భూస్వామి ఆ మెరుగుదలనే చూపి ధరను 2500 డాలర్ల నుండి 5500కు పెంచుతాడు. ఈ దోపిడి లెక్క రైతుకు బాగా తెలుసు. అయినా కథనం మాత్రం శిష్ట ఆంగ్లంలోనే సాగింది.

4. తెలుగు సందర్భం:

గురజాడ 'కన్యాశుల్కం' (1897) ఈ రచనలకు సమకాలికమే. అయితే నాటకంలో కథకుడు ఉండడు గనుక ఈ చిక్కు అక్కడ తలెత్తదు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవలలో సంభాషణలకు తెలంగాణ పలుకుబడి దక్కింది, కథనం శిష్టవ్యావహారికంలో నడిచింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' కథల్లో ఈ సరిహద్దు చెరిగిపోయింది. చిత్తూరు జిల్లా పల్లె పిల్లవాడే తన మాండలికంలో కథ చెబుతాడు.

హక్, నామిని కథకుడు ఇద్దరూ బాలురే కావడం గమనార్హం. బాల్యస్మృతికి మాండలికాన్ని అనుమతించినంత సులభంగా వయోజనుని వివేచనకు మనం అనుమతిస్తున్నామా?

5. తాండూరు ఉదాహరణ:

వికారాబాద్, తాండూరుల మీదుగా పోయే సికింద్రాబాద్-వాడి రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. కర్ణాటక సరిహద్దున ఉన్న తాండూరు తెలుగులో కన్నడ, ఉర్దూ పలుకులు కలగలిసి ఉంటాయి. ఇక్కడి నాపరాయికి పేరుంది, కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ నేల మీది కథలో గని కూలీ తన యాసలో నవ్వించి, కూలి రేటును మాత్రం రచయిత శిష్టభాషలో వివరిస్తే, ఆలోచించే హక్కు ఆ యాసకు లేదని చెప్పినట్లే అవుతుంది.

6. ముగింపు:

శిష్టకథనం ఉన్న ప్రతి రచనా లోపభూయిష్ఠమని ఈ వ్యాసం చెప్పదు. చెస్నట్ రచనే అందుకు సాక్ష్యం. మాండలికం కథలో ఎంత ఉందని లెక్కించడంతో పరిశోధన ఆగరాదు. అది వినోదానికే పరిమితమైందా, జ్ఞాపకం దాకా వచ్చిందా, వివేచన కూడా చేస్తున్నదా అని పరిశీలించాలి. పదపట్టికకు ముందు మాండలిక పరిశోధకుడు వేసుకోవలసిన ప్రశ్న ఇదే.