నిలిచిపోయిన విమానానికి ఫొటో

మ్యూజియంలో నిలబెట్టిన విమానాన్ని ఫొటో తీయడం సులువనిపిస్తుంది. అది కదలదు, ఎగిరిపోదు, ఎంతసేపైనా ఆగుతుంది. అయినా మ్యూజియం చూసి వచ్చినవారి ఫోన్లలో ఉండేవి చాలావరకు ఒకే రకం ఫొటోలు: ముక్కు ముందు నిలబడ్డ కుటుంబం, వెనక సగం తెగిన రెక్క, పైన తెల్లగా పేలిపోయిన ఆకాశం. వాటిని చూసి అది ఏ విమానమో, బతికినన్నాళ్ళూ ఏం పని చేసిందో చెప్పడం కష్టం. చారిత్రక విమానం ఫొటోలో అందం కన్నా ముందు ఉండాల్సింది ఆనవాలు. వెలుతురు, దూరం, లెన్స్, ఓపిక, అన్నీ దాన్ని పట్టుకోవడానికే.

సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్‌లో విమానం అంటే మొదట మోత. బేగంపేట విమానాశ్రయం దగ్గరే. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయేదాకా ఆ చప్పుడు ఇక్కడి రోజువారీ వ్యవహారం. ఇప్పుడు బేగంపేటలో రెండేళ్ళకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శన సికింద్రాబాద్ కెమెరాలకు పండగ. ఎగిరే విమానాన్ని తీసే పాఠం అక్కడ నేర్చుకోవచ్చు. జెట్ విమానానికి సెకనులో వెయ్యో వంతు షట్టర్ వేగం కావాలి. హెలికాప్టర్‌కో, ప్రొపెల్లర్ విమానానికో 125వ వంతు దగ్గర ఆగి, కెమెరాను దానితోపాటే తిప్పాలి. లేకపోతే తిరుగుతున్న రెక్కలు బిగుసుకుపోయి, విమానం దారానికి వేలాడదీసిన బొమ్మలా కనిపిస్తుంది. మ్యూజియంలో ఈ నేర్పుతో పని లేదు. అక్కడ వేగం ఉండదు. ఉండేది ఆకారం, పైరేకు, దాని మీది రాత.

తెలుగు నేల మీద ఈ సాధనకు తగిన చోటు విశాఖపట్నం బీచ్ రోడ్డు. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగవచ్చు. కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి ఎదురుగా, రోడ్డుకు అవతల టీయూ 142 విమానం ఉంటుంది. సోవియట్ రష్యాలో తయారైన ఈ విమానాలను భారత నౌకాదళం 1988లో తీసుకుంది. సముద్రం మీద గంటల తరబడి ఎగురుతూ జలాంతర్గాముల జాడ తీయడం వాటి పని. మొదట గోవాలో, 1992 నుంచి తమిళనాడులోని అరక్కోణంలో ఉన్నాయి. 29 ఏళ్ళ సేవ తర్వాత 2017 మార్చి 29న వాటికి వీడ్కోలు పలికారు. వాటిలో ఒకటి విశాఖకు చేరింది. దాన్ని విడదీసి రోడ్డు మీద తరలించి, సముద్రం ఎదుట మళ్ళీ బిగించి మ్యూజియంగా మార్చారు. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు.

ఫొటో తీయడానికి ముందు విమానాన్ని చదవాలి. టీయూ 142 పొడవు సుమారు 53 మీటర్లు, రెక్క చివరి నుంచి చివరికి 50 మీటర్లు. నాలుగు ఇంజిన్లు. ఒక్కో ఇంజిన్‌కు ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, అవి ఒకదానికొకటి ఎదురు దిశల్లో తిరుగుతాయి. ఒక్కో ప్రొపెల్లర్‌కు నాలుగు బ్లేడ్ల చొప్పున మొత్తం 32. ఒకే దిశలో తిరిగితే పుట్టే మెలిపెట్టే బలాన్ని ఎదురు దిశ ప్రొపెల్లర్ చాలావరకు రద్దు చేస్తుంది, ఇంజిన్ శక్తి వృథా పోకుండా చూస్తుంది. వెనక్కి వాలిన రెక్కలు సాధారణంగా జెట్ విమానాలకు ఉంటాయి, ఇక్కడ ప్రొపెల్లర్లకు జతయ్యాయి. అందుకే ఈ విమానం జెట్‌లకు దగ్గరి వేగంతో ఎగిరేది. ఈ సంగతి తెలిసినవారు ఒక్క ఫొటో తీయాల్సి వచ్చినా ముందు పక్కనుంచి ఏటవాలుగా నిలబడతారు. జంట ప్రొపెల్లర్లూ, వాలు రెక్కా ఒకే ఫ్రేమ్‌లో పడేది అక్కడినుంచే. సరిగ్గా ఎదురుగా నిలబడితే వెనక ప్రొపెల్లర్ ముందుదాని చాటుకు పోతుంది. పూర్తిగా పక్కనుంచి తీస్తే పొడవు తెలుస్తుంది గాని రెక్క సన్నని గీతగా మిగులుతుంది.

తర్వాతది వెలుతురు. విశాఖ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. సూర్యుడు సముద్రం వైపు నుంచి లేచి, రోడ్డు వైపున్న పక్కను వెలిగిస్తాడు. లేత ఎండలో రేకుల అతుకులు, రివెట్ల వరుసలు చిన్న చిన్న నీడలతో తేలి కనిపిస్తాయి. మ్యూజియం తెరిచే వేళలు ఆ ఎండకు కుదరకపోయినా, బయటి రూపాన్ని రోడ్డు మీద నిలబడే తీయవచ్చు. మిట్టమధ్యాహ్నం పైభాగం మెరిసి, రెక్క కింద, పొట్ట కింద చీకటి కమ్ముతుంది. మబ్బు పట్టిన రోజు ఆకాశానికి మంచిది కాదు గాని పొట్ట కింది వివరాలకు అంతకన్నా మంచి రోజు లేదు. సాయంత్రం సూర్యుడు ఊరి వైపు దిగుతాడు. అప్పుడు రోడ్డు మీదనుంచి విమానం నల్లటి ఆకృతిగా కనిపిస్తుంది. ప్రొపెల్లర్ల లెక్క, తోక వాలు చూపడానికి ఆ నలుపు పనికొస్తుంది, రాతలు చదవడానికి పనికిరాదు.

లేత రంగు విమానం కెమెరాను మోసం చేస్తుంది. ఫ్రేమంతా వెలుగే అనుకుని కెమెరా ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, విమానం మురికి బూడిదగా వస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను అర స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా పెంచి, తీసిన ఫొటోలో తెల్లటి భాగాలు వివరం పోయి పేలాయో లేదో చూసుకోవాలి. రంగు వేసిన పైరేకు మీద తెల్లటి మెరుపు పొరలా పడుతుంది. పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే అది కొంత తగ్గుతుంది.

దూరం సంగతి లెక్కతో తేలుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 మి.మీ. లెన్స్ పెట్టి 53 మీటర్ల పొడవును ఫ్రేమ్‌లో పట్టాలంటే సుమారు 75 మీటర్లు వెనక్కి జరగాలి. 24 మి.మీ. లెన్స్‌కు 36 మీటర్లు చాలు. అయితే దగ్గరికి వెళ్ళిన కొద్దీ ముక్కు ఉబ్బి, తోక దూరంగా పారిపోతుంది. అది లెన్స్ తప్పు కాదు, నిలబడ్డ చోటు తప్పు. వీలైనంత వెనక్కి వెళ్ళడమే ముందు. చోటు చాలకపోతే కెమెరాను నిలువుగా పట్టి, ఒకే చోట నిలబడి, ఒకదానిపై ఒకటి మూడో వంతు కలిసేలా అయిదారు ఫొటోలు తీసి కంప్యూటర్‌లో అతికించాలి. ఎఫ్ 8 దగ్గర ముక్కు నుంచి తోక దాకా స్పష్టత దొరుకుతుంది. కొలత చెప్పడానికి మనిషి కావాలి. పర్యాటకులు తప్పుకునేదాకా ఆగడం మామూలు అలవాటు. ఒక్కరిని చక్రం పక్కన ఉండనిస్తే 53 మీటర్లంటే ఎంతో చూసేవారికి తెలుస్తుంది.

పూర్తి రూపం పట్టాక భాగాల వంతు. ఇంజిన్ వెనక పొగ మరకలు, అరిగిన టైర్లు, మళ్ళీ రంగు వేసిన రేకు, పొట్ట కింద ఉబ్బెత్తుగా ఉన్న రాడార్ గూడు: ఇవన్నీ పని గుర్తులు. వీటన్నిటికన్నా ముఖ్యమైనవి పక్కల మీదా తోక మీదా రాసిన అక్షరాలు, అంకెలు. అవే విమానం ఇంటిపేరు. వీటి విలువ తెలియాలంటే హైదరాబాద్‌కే చెందిన ఒక పాత కథ చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్లు సమకూరాయి. నిజాం కానుక అన్న మాట వాటి మీద రాశారు. వాటిలో ఎఫ్ 1010 సంఖ్య గలది 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ చేరి, 1977లో బ్రిటన్‌కు వచ్చి, లండన్‌లోని ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియంలో స్థిరపడింది. మూడు దేశాలు తిరిగిన ఆ చెక్క, గుడ్డ విమానానికి హైదరాబాద్ చుట్టరికం చెప్పేవి ఆ సంఖ్య, ఆ రాత. అందుచేత ప్రతి రాతనూ సూటిగా ఎదురుగా నిలబడి, చదవడానికి వీలుగా ఒక ఫొటో తీసి పెట్టుకోవడం ఈ పనిలో తప్పనిసరి.

విశాఖ విమానం లోపల చోటు ఇరుకు, వెలుతురు తక్కువ, వెనక జనం వరుస. 16 నుంచి 24 మి.మీ. వెడల్పు లెన్స్ ఇక్కడే అవసరం. కెమెరాను ఏమాత్రం పైకో కిందికో వంచినా గోడలు పడిపోతున్నట్టు వస్తాయి, కాబట్టి నేలకు సమాంతరంగా పట్టాలి. ఐ.ఎస్.ఒ. 1600 నుంచి 3200, షట్టర్ సెకనులో 30వ వంతు, మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కితే చాలావరకు వణుకు రాదు. ట్రైపాడ్ పెట్టాలంటే సిబ్బందిని అడగాలి. ఫ్లాష్ వేస్తే మీటర్ల అద్దాలన్నీ వెలిగి, సూదులు మాయమవుతాయి. కిటికీలోంచి పగటి వెలుగు, పైన బల్బు వెలుగు కలిసినచోట రా ఫైలుగా తీస్తే రంగు తర్వాత సరిదిద్దుకోవచ్చు. గాజు అవతలి వస్తువుకు లెన్స్ హుడ్‌ను గాజుకు ఆనించి, చుట్టూ నల్లగుడ్డ కప్పితే ప్రతిబింబాలు పోతాయి. జలాంతర్గాముల చప్పుడు వినడానికి నీళ్ళలోకి జారవిడిచే సోనోబాయ్‌ల వంటి వాటిని విడివిడిగానే కాక, పక్కనున్న వివరణ పలకతో కలిపి మరొకటి కూడా తీయాలి.

ఇంటికి వచ్చాక మిగిలేది రాసుకోవడం. విమానం పేరు, సంఖ్య, చోటు, తేదీ, ఏ పక్క నుంచి తీసింది: ఈ అయిదూ ఫైలుతోపాటే ఉండాలి. రెండు వేర్వేరు చోట్ల కాపీలు ఉంచాలి. ఉప్పుగాలికి ఆరుబయటి విమానం రంగు వెలుస్తుంది, రేకు తుప్పు పడుతుంది, మరమ్మతులో పాత రాత మీద కొత్త రాత పడుతుంది. అదే కోణం నుంచి ఏడాదికోసారి తీసిన ఫొటోలు వరసగా పేర్చితే ఆ మార్పు తెలుస్తుంది. మరమ్మతు చేసేవారికి పాత అక్షరం ఎక్కడ, ఎంత ఎత్తున ఉండేదో ఆ వరస చెబుతుంది.