హౌసీ బిళ్లల్లో మూలకాలు

హౌసీ పెట్టెలో 1 నుంచి 90 దాకా నంబర్లుంటాయి. ఆవర్తన పట్టికలో 1 అంటే హైడ్రోజన్, 90 అంటే థోరియం. పండగలకీ పెళ్లిళ్లకీ బయటికి తీసే ఆ పెట్టె పైసా ఖర్చు లేకుండా రసాయనశాస్త్రం క్లాసుకి పనికొస్తుంది. దేశదేశాల సైన్సు టీచర్లు బింగో పేరుతో ఆడించేది ఈ ఆటనే.

తొమ్మిదో తరగతికి తొంభై మూలకాలూ అక్కర్లేదు. జింక్ దాకా మొదటి 30, వాటితోపాటు వెండి, తగరం, అయోడిన్, బంగారం, పాదరసం, సీసం చాలు. పాత నోటుబుక్కు అట్ట మీద తొమ్మిది గళ్లు గీసి, పిల్లలనే తమకి నచ్చిన తొమ్మిది సంకేతాలు రాసుకోమనాలి. పెన్నుతో కొట్టేయకుండా చింతపిక్కలు పెట్టుకుంటే అదే అట్ట ఏడాదంతా వస్తుంది.

ఆట ప్రాణమంతా పిలుపులో ఉంది. ‘ఇరవై ఆరు, ఇనుము, ఎఫ్‌ఈ’ అని టీచరే అంతా చెప్పేస్తే పిల్లలకి మిగిలేది గళ్లలో వెతుక్కోవడమే. మొదట్లో పేరు మాత్రం చెప్పాలి, సంకేతం వాళ్లు పట్టుకోవాలి. అది అలవాటయ్యాక నంబరు ఒక్కటే. ఆ తర్వాత ఆనవాళ్లు. ‘ఇత్తడి గిన్నెకి కళాయి దేనితో పూస్తారు?’ తగరం. ‘గాయిటర్ రాకుండా ఉప్పులో ఏం కలుపుతారు?’ అయోడిన్. సంకేతాన్ని జ్ఞాపకంలోంచి వెతికి బయటికి తీసుకున్న ప్రతిసారీ అది ఇంకాస్త గట్టిపడుతుంది. పదిసార్లు ఇంపోజిషన్ రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది గానీ ఆ పని జరగదు.

అందరూ తడబడేది సోడియం ఎన్‌ఏ, పొటాషియం కే, రాగి సీయూ, వెండి ఏజీ, సీసం పీబీ దగ్గర. స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ 19వ శతాబ్దం మొదట్లో లాటిన్ పేర్ల నుంచి అక్షరాలు తీసుకున్నాడు. నాట్రియం, కాలియం, క్యుప్రం, అర్జెంటం, ప్లంబం అని ఒక్కసారి చెప్పి, ఆటలో వీటికి రెట్టింపు మార్కులివ్వండి. తప్పించుకు తిరిగిన సంకేతాల్నే పిల్లలు ఏరికోరి అట్ట మీద రాసుకుంటారు.

‘టాప్ లైన్!’ అని అరిచిన పిల్ల బోర్డు దగ్గరికొచ్చి మూడు సంకేతాలూ రాయాలి. సీ క్యాపిటల్, ఓ చిన్నది అయితే కోబాల్ట్. రెండూ క్యాపిటల్ అయితే కార్బన్ మోనాక్సైడ్, తలుపులన్నీ మూసి కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల ప్రాణం తీసే వాయువు. అక్షరం తప్పితే లైను చెల్లదు. ఇక్కడ జాలిపడకూడదు.

సంకేతాలు వచ్చేశాక హౌసీని పట్టుకుని వేలాడటం దండగ. నాకు ఇంకా ఇష్టమైనది దాని తర్వాతి ఆట. ఒక్కో పిల్లకీ ఒక మూలకం కార్డు ఇచ్చి, దాని సంయోజకత ఎంతో అన్ని పురికొస ముక్కలు కట్టాలి. సోడియానికి ఒకటి, ఆక్సిజన్‌కి రెండు, అల్యూమినియానికి మూడు. నియమం ఒక్కటే, ఏ కొసా ఖాళీగా మిగలకూడదు. నియాన్, ఆర్గాన్ కార్డులకి పురికొస ఉండదు, వాళ్లు ఆటంతా పక్కనే నిలబడతారు.

ఇక అల్యూమినియం, ఆక్సిజన్ కలిసేటప్పుడు చూడాలి. రెండు కొసలు ముడిపడ్డాక అల్యూమినియానికి ఒకటి మిగులుతుంది. ఇంకో ఆక్సిజన్‌ని పిలిస్తే ఈసారి దానికి ఒకటి మిగులుతుంది. మళ్లీ అల్యూమినియం, మళ్లీ ఆక్సిజన్. ఇద్దరు అల్యూమినియాలు, ముగ్గురు ఆక్సిజన్లు చేరాక అటు ఆరు, ఇటు ఆరు కొసలు సరిపోతాయి. సంయోజకతల్ని అటుదిటు మార్చి రాయమని పుస్తకం చెప్పే కిటుకు ఎందుకు పనిచేస్తుందో పిల్లలు చేతుల్తో తెలుసుకుంటారు.

ముడి విప్పేముందు టీచర్ చెప్పి తీరాల్సిన సంగతి ఒకటుంది. ఉప్పు స్ఫటికంలో సోడియం, క్లోరిన్ ఇలా జంటలుగా ఉండవు, ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లుంటాయి. పురికొస లెక్క చెప్తుందే తప్ప అమరిక చెప్పదు.

ఇనుము కార్డుని చివరికి ఉంచండి. దానికి ఒకసారి రెండు కొసలు, ఇంకోసారి మూడు కట్టి క్లోరిన్లతో కలపమనండి. ఒకే ఇనుముకి రెండు క్లోరైడ్లు ఎలా వచ్చాయని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఫెర్రస్, ఫెర్రిక్ పాఠం అక్కడ మొదలుపెట్టొచ్చు.