పలాస బాయిలర్ దగ్గర తొక్కు లెక్క

80 కిలోల జీడి పిక్కల బస్తాకి పప్పు దిగేది 20 కిలోల పైచిలుకు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం తొక్కే. పలాస-కాశీబుగ్గ పరిశ్రమల్లో ఆ తొక్కే బాయిలర్‌కు ఇంధనం. పిక్క ధర యజమాని చేతిలో ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని కూల్చాక ఆ సంగతి మరీ తెలిసొచ్చింది. ఆవిరి ఖర్చు మాత్రం ఆయన ఆవరణలోనే తేలుతుంది. తొక్కు ఊరికే వచ్చేదే కదా అని పారల కొద్దీ పోసేస్తే, ఆయిల్ మిల్లుకు అమ్ముకోదగ్గ సరుకు పొగైపోయినట్టే. ఆ తొక్కులోని నూనె రంగుల తయారీకీ, బ్రేక్ లైనింగులకీ పనికొస్తుంది.

నూనె ఉన్నందువల్ల తొక్కు కట్టెలా కాలదు. వేడి తగలగానే నూనె ఆవిరై లేస్తుంది. అది మండేది పొయ్యి కడ్డీల మీద కాదు, వాటి పైనున్న ఖాళీలో. అందుకని గాలి కింది నుంచి వస్తే చాలదు, మంట పైభాగానికీ అందాలి. చేయి తిరిగిన ఫైర్‌మన్ పలచగా చల్లి, తలుపు మూసి, చిమ్నీ వైపు చూస్తాడు. పొగ నల్లబడిందంటే కాలని నూనె పోతోందన్నమాట. పొగ కనిపించకపోయినా నిశ్చింత లేదు. గాలి మరీ ఎక్కువై వేడిని ఎత్తుకుపోతుండవచ్చు. పొగ ఎంత వేడిగా బయటికి పోతోందో చిమ్నీ మొదట్లో పెట్టిన థర్మామీటరు చెబుతుంది. పొగ వేడి 22 డిగ్రీలు తగ్గితే ఇంధనం సుమారు ఒక శాతం మిగులుతుందని బాయిలర్ల దగ్గర వాడుక లెక్క.

ఆవిరి మొదట కుక్కర్‌కు పోతుంది. అక్కడ పిక్కలకు నేరుగా తగులుతుంది గనుక దిగే నీరు నూనె పట్టి ఉంటుంది, బాయిలర్‌కు పనికిరాదు. పప్పు ఆరబెట్టే బోర్మా సంగతి వేరు. అక్కడ ఆవిరి గొట్టాల్లోనే తిరిగి, వేడి ఇచ్చి, శుభ్రమైన నీరుగా మారుతుంది. ఆ నీటిని వదిలి ఆవిరిని ఆపాలి. ఈ పని చేసేది స్టీమ్ ట్రాప్.

ట్రాపుల్లో నాకు ముచ్చటైనది బిళ్ల రకం. స్ప్రింగు లేదు, తీగ లేదు, కరెంటు అక్కర్లేదు. మూత కింద ఒక ఉక్కు బిళ్ల, అంతే. నీరు వచ్చి తోస్తే లేచి దారి ఇస్తుంది. నీటి వెనకే ఆవిరి వస్తే బిళ్ల కింద జోరుగా పరుగెడుతుంది. జోరు పెరిగిన చోట ఒత్తిడి పడిపోతుంది. ఈలోగా కొంత ఆవిరి అంచుల మీదుగా బిళ్ల పైకి చేరుతుంది. బిళ్ల టక్కున కూర్చుంటుంది. కింది ఆవిరికి నెట్టడానికి దొరికేది చిన్న రంధ్రమంత చోటు, పైదానికి బిళ్ల మొత్తం. అందుకే కింద ఒత్తిడి ఎక్కువగా ఉన్నా బిళ్ల కదలదు. పైనున్న ఆవిరి చల్లారగానే మళ్లీ లేస్తుంది. స్క్రూడ్రైవర్ మొన ట్రాప్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే ఆ టక్‌టక్ వినిపిస్తుంది. ఆగకుండా బుస్సుమంటుంటే బిళ్ల అరిగిపోయిందని అర్థం.

కిలో నీటిని 30 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలోకేలరీలు చాలు; ఆవిరి చేయడానికి మరో 540 కావాలి. కారే ట్రాప్ పోగొట్టేది ఆ పెద్ద మొత్తాన్ని. ట్రాప్ దాటిన వేడి నీటిని కాలవలోకి వదిలేస్తే పోయేది చిన్న మొత్తం, కానీ రోజూ పోతుంది. దాన్ని బాయిలర్ తొట్టికి మళ్లిస్తే, తొట్టి నీటి వేడి ప్రతి 6 డిగ్రీల పెరుగుదలకూ దాదాపు ఒక శాతం ఇంధనం మిగులుతుంది. 30 నుంచి 60కి తెస్తే 5 శాతం. కావలసింది కొంత గొట్టం, వేడి పోకుండా దానికి చుట్టే పొర, ఒక పంపు.

ఇక కరెంటు. కేవీఏహెచ్ లెక్కన బిల్లు వేసే కనెక్షన్‌కు పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే, 80 యూనిట్ల (కేడబ్ల్యూహెచ్) పనికి బిల్లులో 100 (కేవీఏహెచ్) పడతాయి. మోటారు పక్కన సరిపడా కెపాసిటర్ ఉంటే ఆ తేడా చాలావరకు పోతుంది. అయితే కెపాసిటర్ పాడైనా మోటారు ఎప్పటిలాగే తిరుగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. నెలనెలా బిల్లులో కట్టాల్సిన మొత్తం ఒక్కటే చూసేవాళ్లకు అది ఏళ్లు గడిచినా దొరకదు. కేడబ్ల్యూహెచ్, కేవీఏహెచ్ అంకెలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు ఆ నెలలోనే దొరుకుతుంది.