అంచు దగ్గరే పనితనం

వ్యాను పక్కగోడకు కిటికీ పెట్టించాలనుకునేవాళ్లు మొదట అద్దం గురించే అడుగుతారు. ఎంత పెద్దది, ఏ కంపెనీది, జరిపేదా, కదలనిదా అని. నేనూ మా బావమరిదీ కలిసి కొన్న పాత డెలివరీ వ్యాను తార్నాకలో మా వీధి చివరి షెడ్డులో ఇల్లుగా మారుతుంటే దగ్గరుండి చూశాను, చేతనైన చోట చెయ్యి వేశాను. అప్పుడు తెలిసింది వేరే సంగతి. అద్దం డబ్బిస్తే వస్తుంది. అద్దానికీ రేకుకీ మధ్య ఉండే అంగుళం అంచు మాత్రం పనివాడి ఓపికతోనే వస్తుంది. ఆ కిటికీ పదేళ్లు నిలుస్తుందా, రెండో వానాకాలానికే కారుతుందా అన్నది ఆ అంగుళంలోనే తేలిపోతుంది.

బండినే ఇల్లు చేసుకోవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీఆర్ ఒక పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించుకున్నారు. కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. ప్రసంగం, భోజనం, విశ్రాంతి అన్నీ ఆ బండి చుట్టూనే జరిగాయి. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఆ బండిని గుర్తుపట్టని ఊరు రాష్ట్రంలో లేదు. తర్వాత సినిమా షూటింగులకు కారవాన్లు వచ్చాయి. ఇప్పుడా కోరిక సెలవులకు అరకుకో నల్లమలకో పిల్లాపాపలతో బయల్దేరే మామూలు ఉద్యోగుల దాకా వచ్చింది. నాకు సంతోషమే. అయితే సరుకులు మోసిన బండిలో మనుషులు పడుకోవాలంటే దానికి మొదట కావలసింది గాలీ వెలుతురూ. అంటే గోడ కొయ్యాలి.

కోసే ముందు కాగితాల పని ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలు మారిపోయేలా బండిని సొంతంగా మార్చకూడదు. తయారీదారు ఇచ్చిన అసలు నిర్మాణానికి విరుద్ధమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. మోటార్ కారవాన్ల కోసం ఏఐఎస్-124 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. అద్దం భద్రతా ప్రమాణాలకు తగ్గదై ఉండాలి. పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు రావాలి. ఇవన్నీ అడ్డంకులుగా కనిపిస్తాయి గానీ, రేకు కోసే ముందు మనిషిని నిలబెట్టి ఆలోచింపజేసేవి ఇవే. ఆర్‌టీఏ అనుమతి చేతికొచ్చేదాకా మా బండి మీద పెన్సిల్ గీత కూడా పడలేదు.

పని మొదలైంది లోపలి నుంచి. వ్యాను గోడ పైకి ఒకే రేకులా కనిపిస్తుంది. నిజానికి బయటి రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని నిలబెట్టేవి లోపలున్న పక్కటెముకలు. వేళ్లతో తట్టుకుంటూ పోతే ఖాళీ చోట డొల్ల మోత, ఎముక ఉన్నచోట గట్టి మోత వినిపిస్తుంది. కిటికీ ఆ ఎముకల నడుమ ఇమడాలి తప్ప వాటిని కోసి చోటు చేసుకోకూడదు. కొలతకు తగ్గ అట్టముక్క కోసి, గోడకు అంటించి, దూరంగా వెళ్లి చూడాలి. రెండు పక్కలా తెరిచే కిటికీలు పెట్టుకుంటే, అవి ఎదురెదురుగా ఉన్నప్పుడు గాలి బాగా ఆడుతుంది. పడుకున్న మనిషి కళ్లకు బయటి చెట్టు కనిపించే ఎత్తులో పడక కిటికీ ఉండాలి. పొయ్యి మంటకు గాలి తగలకుండా, ఆవిరి మాత్రం బయటికి పోయేలా వంటగట్టు కిటికీ ఉండాలి. ఈ లెక్కలన్నీ అట్టముక్క మీదే తేల్చుకోవాలి. అట్టను ఎన్నిసార్లైనా కత్తిరించుకోవచ్చు, రేకును ఒక్కసారే.

గీత చుట్టూ టేపు అంటించి, నాలుగు మూలల్లో డ్రిల్లుతో రంధ్రాలు వేసి, వాటిలోంచి జిగ్‌సా దించుతారు. మూలలు గుండ్రంగానే ఉండాలి. అది అందం కోసం కాదు. బండి గతుకుల్లో మెలి తిరిగినప్పుడల్లా రేకులోని ఒత్తిడంతా పదునైన మూలకు చేరుతుంది, పగులు అక్కణ్నుంచే బయల్దేరుతుంది. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు మధ్యధరా సముద్రం మీద గాలిలోనే విచ్ఛిన్నమయ్యాయి. విమానం ఒంటికి కోసిన కంతల మూలల దగ్గర లోహం అలసిపోయి పగిలిందని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత ప్రపంచమంతా విమానాల కిటికీల మూలల విషయంలో జాగ్రత్త పడింది. వ్యాను ఆకాశంలో ఎగరదు, నిజమే. కానీ తార్నాక నుంచి ఉప్పల్ దాకా వానాకాలపు రోడ్డు మీద వెళ్లే బండి కూడా రోజూ వందలసార్లు మెలి తిరుగుతుంది.

కోత అయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. జిగ్‌సా చిమ్మిన ఇనుప రజను బండి మీద, లోపలి గాడుల్లో, తలుపు సందుల్లో పడి ఉంటుంది. దాన్ని అలాగే వదిలితే ఒక్క వానకే రంగు మీద గోధుమరంగు చుక్కలు తేలతాయి. అందుకే ముందే లోపల పాత దినపత్రికలు పరచాలి, తర్వాత అయస్కాంతంతో, వాక్యూమ్‌తో మొత్తం తియ్యాలి. కోసిన అంచును ఆకురాయితో నునుపు చేసి, తుడిచి, ప్రైమర్ వేసి, అది ఆరాక రంగు పూత వెయ్యాలి. అంచు మీద వట్టి ఇనుము గీతంత కూడా కనిపించకూడదు. తర్వాత బీడింగ్ కప్పేస్తుంది గనక ఈ పూత ఎవరికీ కనబడదు. ఎవరికీ కనబడదు గనకే చాలా షెడ్లలో దీన్ని ఎగ్గొడతారు. తుప్పు ఆ కప్పు కిందే పుడుతుంది. బయటికి కనిపించేసరికి రేకు తినేసి ఉంటుంది.

మా షెడ్డుకు అప్పుడప్పుడూ ఒక పెద్దాయన వచ్చి కూర్చునేవాడు. నిజాం రైల్వే కాలం నుంచి బోగీలు బాగుచేస్తున్న లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్‌లో వడ్రంగిగా చేసి రిటైరైనవాడు. సిలికాన్ గొట్టాలు ఎన్ని తేవాలని మా కుర్ర మెకానిక్ లెక్కవేస్తుంటే ఆయన అన్నమాట నాకు పాఠమైంది. ‘నీళ్లను ఆపుతమనుకుంటే ఆగయి బిడ్డా. వాటికి తొవ్వ చూపియ్యాలె. తొవ్వ ఉంటే అవే పోతయి.’ పాత రైలు బోగీల కిటికీలను తలచుకుంటే ఆ మాట ఇట్టే అర్థమవుతుంది. అద్దం, చెక్క రెక్కలు పైకీ కిందికీ జరగాలంటే సందు ఉండక తప్పదు, సందు ఉన్నచోట నీళ్లు రాక తప్పదు. వచ్చిన నీరు నిలవకుండా గడప కిందినుంచి బయటికి జారిపోవాలి, అంతే. జరిపే కిటికీ కింది గాడిలో చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి అందుకే. అదేదో లోపమనుకుని వాటిని సిలికాన్‌తో పూడ్చేవాళ్లున్నారు. అప్పుడు గాడి తొట్టిలా నిండి, నీళ్లు పరుపు మీదికి పొంగుతాయి.

వంటగట్టు వైపు అల్యూమినియం ఫ్రేముతో జరిపే కిటికీ, పడక వైపు రబ్బరు బీడింగ్‌తో కదలని అద్దం పెట్టాం. రెండో పని చూడముచ్చటగా ఉంటుంది. రబ్బరుకు రెండు గాడులు ఉంటాయి. ఒకటి అద్దాన్ని పట్టుకుంటుంది, ఇంకోటి రేకును. ముందు అద్దం చుట్టూ రబ్బరు తొడుగుతారు. రేకు పట్టే గాడిలో సన్నటి నైలాన్ తాడును చుట్టూ తిప్పి, రెండు కొసలనూ కింది మధ్యభాగంలో లోపలికి వేలాడదీస్తారు. సబ్బు నీళ్లు రాసి, బయటినుంచి ఒకరు అరచేతులతో అద్దాన్ని కంతకు అదిమి పట్టుకోవాలి. లోపలున్న మనిషి తాడు కొసను మెల్లగా లాగుతాడు. తాడు వచ్చేకొద్దీ రబ్బరు పెదవి రేకు మీది నుంచి దొర్లి లోపలి వైపు కూర్చుంటుంది. లాగే చేయీ అదిమే చేయీ ఒకే చోట కలిసి నడవాలి. ‘ఆగన్నా’, ‘ఇంకొంచెం కిందికి’, ‘ఆఁ, అక్కడ కొట్టు’ అనుకుంటూ బయటివాడూ లోపలివాడూ అద్దానికి చెరోవైపు జరుగుతుంటారు. చివరగా రబ్బరు ముందువైపున్న మరో సన్నటి గాడిలోకి లాకింగ్ స్ట్రిప్ దిగ్గొడితే రబ్బరు ఉబ్బి అద్దాన్నీ రేకునూ బిగించేస్తుంది. అంతటి అద్దం ఒక్క బోల్టు లేకుండా నిలబడుతుంది.

మెత్తదనం ఎందుకు కావాలో ఎండాకాలం చెబుతుంది. మీటరు పొడవున్న అల్యూమినియం 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.7 మిల్లీమీటర్లు సాగుతుంది. ఉక్కు రేకు దానిలో సగమే సాగుతుంది, అద్దం అంతకంటే తక్కువ. మూడూ ఒకే చోట కలిసి ఉన్నప్పుడు వాటి నడుమ గట్టిపడిపోయే లప్పం పెడితే ఏప్రిల్లో పగులుతుంది, జూన్‌లో కారుతుంది. అందుకే ఫ్రేము కింద ఎప్పటికీ మెత్తగా ఉండే బ్యూటైల్ టేపు గానీ, సాగే గుణమున్న పాలీయురేథేన్ (పీయూ) సీలెంట్ గానీ వాడాలి. పీయూ గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. పొడి ఎండల్లో అది ఆలస్యమవుతుంది. తొందరపడి బండిని రోడ్డెక్కించకూడదు.

మా ఇంటి నుంచి ఉస్మానియా క్యాంపస్‌కు నడిచి వెళ్లే దారిలో నేను రోజూ చూసే ఆర్ట్స్ కాలేజీ ఈ పని తర్వాత నాకు మరోలా కనిపిస్తోంది. బెల్జియన్ వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పనలో కట్టిన ఆ గ్రానైట్ భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. తోరణాల లోతులో కిటికీలు వెనక్కి జరిగి ఉంటాయి. ఎండ ముందు రాతి అంచు మీద పడుతుంది, వాన ముందు రాతి అంచు మీద జారుతుంది. కిటికీ దాకా చేరేది వాటిలో కొంతే. గోడ మందమే అక్కడ కిటికీకి కాపలా. వ్యానుకు ఆ మందం లేదు. రాతిగోడ అడుగుల లోతులో చేసే పనిని బండిలో ఒక రబ్బరు పెదవీ, ఒక టేపూ, పైన అంటించిన సన్నటి నీటి పట్టీ కలిసి అంగుళంలో చెయ్యాలి. ఆ భవనం మీద రాయి చెక్కినవాళ్లు చూపిన శ్రద్ధే ఇక్కడా కావాలి. మందం తగ్గేకొద్దీ శ్రద్ధ పెరగాలి తప్ప తగ్గకూడదు.

లోపలి ముగింపు చాలామందికి అలంకారంలా కనిపిస్తుంది. అదీ పనే. రేకుకూ లోపలి ప్లైవుడ్‌కూ మధ్య వేడిని ఆపే పొర ఉంటుంది. ఆ పొర కిటికీ దగ్గర తెరిచి ఉంటే చలికాలం తెల్లవారుజామున లోపలివాళ్ల ఊపిరి తేమ చల్లని రేకు మీద నీరై, చెక్కలోకి దిగుతుంది. అందుకే కిటికీ చుట్టూ ఫ్రేము కట్టి ఆ సందు మూసెయ్యాలి. వ్యాను గోడ ఎక్కడా తిన్నగా ఉండదు గనక ప్లైవుడ్‌ను తిన్నగా కోస్తే ఒకచోట అంటుకుని ఇంకోచోట నోరు తెరుస్తుంది. పెద్దాయన దీనికి ఒక వాషర్ తీసుకున్నాడు. దాని కంతలో పెన్సిల్ మొన ఉంచి, వాషర్‌ను గోడ వంపు వెంట దొర్లించాడు. గోడ ఎంత వంగితే పెన్సిల్ గీత ప్లైవుడ్ మీద అంతే వంగింది. ఆ గీత మీద కోస్తే చెక్క గోడకు అతుక్కుపోయింది. కొలబద్ద పెట్టి లెక్కకట్టలేని వంపును ఒక రూపాయి వస్తువుతో పట్టుకున్నాడు.

ఆఖరున నీళ్ల పరీక్ష. పైపు పట్టుకుని ఒకేసారి పైనుంచి కుమ్మరిస్తే ఎక్కడ కారుతోందో తెలియదు. కింది అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కో వైపు కాసేపు తడుపుతూ, మెల్లగా పైకి రావాలి. లోపల ఒకరు టార్చి, పొడి కాగితం పట్టుకుని కూర్చోవాలి. ఏ ఎత్తును తడుపుతున్నప్పుడు కాగితం తడిసిందో లోపం ఆ ఎత్తులోనే ఉంటుంది. ఆ తర్వాత బండిని గతుకుల రోడ్డు మీద తిప్పి తెచ్చి, మళ్లీ తడిపి చూడాలి. నిలబెట్టిన బండిలో కారని కిటికీ నడిచిన బండిలో కారవచ్చు.

ఈ పనిలో ధర గురించి ఒక మాట చెప్పాలి. షెడ్డుకు వెళ్లి బేరమాడేటప్పుడు మనం అద్దం ధర అడుగుతాం, ఫ్రేము ధర అడుగుతాం, కూలీ ఎంత తగ్గిస్తావంటాం. తగ్గించిన కూలీ అద్దంలోంచి పోదు. ప్రైమర్ ఆరకముందే పడిన రంగులోంచి, ఏరకుండా వదిలిన రజనులోంచి, చెయ్యని నీళ్ల పరీక్షలోంచి పోతుంది. పనివాడికి పని రాక కాదు, మనం అతనికి సమయం కొనివ్వలేదు గనక. ఇల్లు కట్టించినా, బండి మార్పించినా, చివరికి బాల్కనీ గ్రిల్లుకు రంగు వేయించినా ఇదే వరస.

బండికి కిటికీ పెట్టించాలనుకుంటున్న వాళ్లకు నేను చెప్పేది ఇంతే. ముందు అనుమతి తీసుకోండి. అట్ట మీద తేల్చుకున్నాకే రేకు మీద గీయండి. కోసిన అంచుకు రంగు పడేదాకా దగ్గరుండి చూడండి, బీడింగ్ ఎక్కాక చూడటానికి ఏమీ ఉండదు. పనివాడు ఆరడానికి ఇంకో రోజు కావాలంటే ఆ రోజు కూలీ కూడా కలిపి ఇవ్వండి. జూన్ వానలకు ముందే నీళ్ల పరీక్ష చేయించి, అప్పుడు ప్రయాణం పెట్టుకోండి.