పైకి కనిపించని అల

మల్లాపూర్‌లో మా వంటింటి గట్టు మీద ఒక సీసా ఉంటుంది. సగం సిరా చుక్క కలిపిన నీళ్లు, సగం పల్లీ నూనె. గాలి బుడగ లేకుండా నింపి మూత బిగించాను. మనవడు దాన్ని అడ్డంగా పడుకోబెట్టి ఒక కొస ఎత్తి దించాడు. పైన కదలడానికి చోటే లేదు. లోపలి నీలం గీత మాత్రం బద్ధకంగా ఆ కొస నుంచి ఈ కొసకి సాగింది.

"స్లో మోషన్ తాతా!"

అదే కిటుకు. నీళ్లతో పోలిస్తే గాలి ఏమంత బరువు? అందుకే పైకి లేచిన నీరు గబుక్కున పడిపోతుంది. నూనె కింద లేచిన నీటికి ఆ తొందర ఉండదు. సముద్రంలో పైనున్న వెచ్చటి పొరకీ కిందున్న చల్లటి పొరకీ బరువు తేడా వెయ్యికి కొద్ది పాళ్లే. అందుకే లోపలి అల పదుల మీటర్లు లేచినా, లేచి పడటానికి నిమిషాలు, ఒక్కోసారి గంటలు పడుతుంది. ఒడ్డున నిలబడ్డవాడికి ఏమీ తెలియదు. మన బంగాళాఖాతంలోనైతే గోదావరి, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన మంచినీళ్లు ఉప్పునీటి మీద దుప్పటిలా పరుచుకుంటాయి, పొరలు ఇంకా స్పష్టం.

1950ల్లో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లాఫాండ్, సి. పూర్ణచంద్రరావుతో కలిసి 1954లో ఈ లోపలి అలల మీదే రాశారు: ఆటుపోట్ల లయలో సముద్రపు ఉష్ణోగ్రత పొరలు పైకీ కిందికీ ఊగడం గురించి.

నేను విశాఖలో చదివేటప్పుడు, లోతుకొద్దీ నీటి ఉష్ణోగ్రతని గీసే బాతీథర్మోగ్రాఫ్ అనే పరికరాన్ని సముద్రంలోకి దించాను. పూత పూసిన చిన్న గాజు పలక మీద సూది ఒక గీత గీసుకొస్తుంది. వేలు తగిలితే గీత పోయినట్టే. ఒక్కసారి దించి, చల్లటి పొర ఇక్కడుందని పుస్తకంలో రాసేశాను. మాస్టారు చూసి, "నువ్వు రాసుకునేదాకా సముద్రం ఆగిందిటోయ్?" అన్నారు. అక్కడే మళ్లీ దింపించారు. గీత కిందికి జారింది. ఇంకాసేపాగి దించితే పైకొచ్చింది. మధ్యాహ్నమంతా అదే పని, చేతులు బొబ్బలెక్కాయి.

ఇప్పుడు అండమాన్ సముద్రంలో ఈ అలల చారలు ఉపగ్రహ చిత్రాల్లోనూ కనిపిస్తాయి. అందంగానే ఉంటాయి. కానీ అవి నునుపు నీళ్లూ గరుకు నీళ్లూ పక్కపక్కన పేరుకున్న పైపై గుర్తులు. లోతు తెలియాలంటే ఏదో ఒకటి కిందికి దించాల్సిందే, దించి అక్కడే ఉండాల్సిందే.

ఇంతలో మావాడు సీసాని గట్టిగా ఊపేశాడు. గీత పోయి నూనె బొట్లు మిగిలాయి. సముద్రంలోనూ అలలు ఇలా విరుగుతాయి. అక్కడ కలిసిన నీరు మళ్లీ విడిపోదు, కిందున్న పోషకాలు అలాగే వెలుతురులోకి వస్తాయి. సీసాలో మాత్రం విడిపోతుంది.

"హోంవర్క్ చేసుకుని రా, అప్పటికి తేరుకుంటుంది" అన్నాను.