పైట కింద గుండె

గత ఏడాది ఆసుపత్రి వాళ్ళిచ్చిన డిశ్చార్జ్ కాగితం మీద 'హార్ట్ ఫెయిల్యూర్' అన్న మాట చదివి మా అమ్మ ఏడ్చింది. "ఫెయిలంటే అయిపోయినట్టే కదే. నువ్వు నా ఎదురుగా కూచుని కాఫీ తాగుతున్నావు, వీళ్ళిలా ఎలా రాస్తారు?" అంది. అమ్మ తప్పేం లేదు. మన ఊళ్ళలో "హార్ట్ ఫెయిలయ్యింది" అంటే మనిషి పోయాడనే అర్థం. ఆ మాట చావుకబురుతోనే మన ఇళ్ళల్లోకి వచ్చింది. గుండె ఆగలేదనీ, ఒంటికి కావలసినంత రక్తాన్ని నెట్టే బలం దానికి తగ్గిందనీ, అందువల్ల పాదాల్లో, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందనీ, మందులతో ఏళ్ళ తరబడి బతకొచ్చనీ అమ్మకి చెప్పడానికి నాకు అరగంట పట్టింది. అంతా విని, "మరి దానికి ఇంకో పేరు పెట్టొచ్చుగా" అంది. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. నా దగ్గర ఆ పేరు లేదు.

అప్పట్నుంచీ మన సాహిత్యంలో గుండె కోసం వెతుకుతున్నాను. నా వెతుకులాటకి సొంత కారణం ఉందని ముందే చెప్పేస్తాను. గుండె పై గదుల నుంచి కింది గదులకి వెళ్ళాల్సిన విద్యుత్ సంకేతం నాకు పుట్టుకతోనే తెగిపోయి ఉంది. అందరి నాడీ డెబ్భై కొట్టుకుంటుంటే నాది నలభై. డిగ్రీ చదువుతుండగా కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు బయటపడింది. 2008లో, నా పందొమ్మిదో ఏట, ఎడమ జబ్బ ఎముక కింద పేస్‌మేకర్ అమర్చారు. డబ్బు తక్కువవుతుందని ఒక్క వైరుదే పెట్టించుకున్నాం. ఆ ఒక్క వైరుకే అమ్మ గాజులు పోయాయి. 2017లో బ్యాటరీ అయిపోతే పెట్టె మార్చారు. ఇన్నేళ్ళూ కుడివైపు నుంచి మాత్రమే తట్టి లేపడం వల్ల గుండె రెండు పక్కలూ ఒక్కసారి ముడుచుకోవడం మానేశాయి. కొందరిలో ఇది కండరాన్నే బలహీనపరుస్తుందట. ఆ కొందరిలో నేనున్నాను. ఒక్కో కొట్టుకి మామూలుగా అరవై శాతం దాకా రక్తాన్ని బయటికి నెట్టాల్సిన గది, నాలో ముప్ఫై అయిదు శాతమే నెడుతోందన్నారు. నన్ను బతికించిందే నన్ను అలసిపోయేట్టు చేసింది. ఇందులో ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోవడం ఇంకా విసుగు.

నా సిద్ధాంత గ్రంథం స్త్రీవాద కవిత్వంలో దేహం గురించి. మొన్న దాన్ని మళ్ళీ తీశాను. గర్భం మీద ఒక అధ్యాయం, నెలసరి మీద సగం, రొమ్ము మీద ముప్ఫై పేజీలు. గుండె గురించి ఒక్క పేరా లేదు. నాలుగేళ్ళ పాటు ఆ అధ్యాయాలన్నీ రాస్తున్న చేతికి బెత్తెడు దూరంలో పెట్టె కొట్టుకుంటూనే ఉంది. ఆ పెట్టె నాకు సాహిత్య విషయంగా తోచనే లేదు.

తప్పు నాదొక్కదాన్దే అనుకోను. 'నీలిమేఘాలు' సంకలనం వచ్చిన 1993 నాటికే ఆ తరం కవయిత్రులు దేహాన్ని ధైర్యంగా కవిత్వంలోకి తెచ్చారు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', జయప్రభ 'పైటను తగలెయ్యాలి' లేకపోతే నా తరం వాళ్ళకి ఒంటి గురించి నోరు పెగిలేది కాదు. అయితే ఆ తరం బయటికి తెచ్చిన దేహం ప్రధానంగా లైంగిక దేహం, కనే దేహం. పితృస్వామ్యం ఏ అవయవాల మీద చెయ్యి వేసిందో వాటి గురించే ముందు మాట్లాడటం న్యాయమే. కాకపోతే నేను చదివినంతలో, ఆ కవితల్లో కూడా గుండె దగ్గరికొచ్చేసరికి పాత భావకవిత్వం తలుపు తీసుకుని లోపలికొచ్చేస్తుంది. గర్భసంచికి రక్తమాంసాలున్నాయి. గుండెకి మాత్రం బాధ, ప్రేమ, కోత, బరువు. గుండె జారుతుంది, చెరువవుతుంది, రాయవుతుంది, ఝల్లుమంటుంది. కాలెయ్యం, మూత్రపిండం ఇలాంటి గౌరవం పొందలేదు కాబట్టి అవి కాస్త సుఖపడ్డాయి.

ఇక్కడొక చిన్న ముచ్చట. పైట ఎడమ భుజం మీదే వేస్తాం. పేస్‌మేకర్ సాధారణంగా పెట్టేదీ ఆ పక్కనే. చీర పిన్ను సరిగ్గా మచ్చ మీదికి వస్తుంది, జాకెట్టు పట్టీ పెట్టె అంచుని ఒరుస్తుంది. పెళ్ళిచూపులప్పుడు మా పెద్దమ్మ మెడ దాకా మూసిన జాకెట్టు కుట్టించి తెచ్చి, "పిన్ను కాస్త పైకి పెట్టుకో, తల్లీ" అంది. జయప్రభ కవితని క్లాసులో పాఠం చెప్పే నేను ఆ పైట సర్దుకుని కూచున్నాను. సంబంధం కుదరలేదు. నేనే చెప్పేశాను, చెప్పాక కుదరలేదు. పైట మీద మనం రాసిన విమర్శలో సిగ్గు గురించి చాలా ఉంది. జబ్బుని దాచడానికి కూడా దాన్ని వాడతారన్న సంగతి లేదు.

రూపకాల దగ్గరికి మళ్ళీ వస్తాను. నాకు మొదట పెట్టిన ఒంటి వైరు పెట్టె కదలికని కొలుస్తుంది. నడిస్తే వేగం పెంచుతుంది, కూచుంటే డెబ్భైకి దించుతుంది. దానికి తెలిసింది కదలిక ఒక్కటే. గతుకుల రోడ్డు మీద ఆటోలో వెళ్తుంటే నేను పరిగెడుతున్నాననుకుని తొంభై చేసేది. వైవా రోజు నోరెండిపోయి చేతులు చల్లబడ్డాయి. నాడి పట్టి చూసుకుంటే డెబ్భై. ఒకతన్ని ఇష్టపడ్డాను. అతను పక్కన కూచున్నప్పుడు డెబ్భై. నాన్న పోయిన రాత్రి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూచుని చూసుకున్నాను, డెబ్భై. భయం నాకుంది, ప్రేమ ఉంది, ఏడుపూ ఉంది. వాటి కబురు పై గదుల దాకా వచ్చి, కింది గదులకి దారిలేక ఆగిపోయేది. మన కవిత్వం ప్రకారం చూస్తే నేను పదిహేడేళ్ళు ఏ స్పందనా లేని మనిషిని. ఈ రూపకాలు అబద్ధమని అనడం లేదు. ఎవరి శరీరాన్ని అందరి శరీరంగా అనుకుని అవి తయారయ్యాయో అడుగుతున్నాను. ఈ ప్రశ్న స్త్రీవాదమే నాకు నేర్పింది.

సినిమా సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. 1989 నాటి 'గీతాంజలి'లో జబ్బుపడ్డ అమ్మాయి మంచులో అల్లరి చేస్తూ తిరుగుతుంది. నాకూ ఆ సినిమా ఇష్టమే. కానీ చావుకి దగ్గరగా ఉన్న అందమైన పిల్లగానో, పెళ్ళి పందిట్లో ఛాతీ పట్టుకుని కూలిపోయే తండ్రిగానో తప్ప గుండెజబ్బుకి మన తెర మీద మరో వేషం దొరకలేదు. ఉప్పులేని పప్పు తింటూ ముప్ఫై ఏళ్ళు బతికే మనిషిలో కథ లేదనుకున్నారు.

పేస్‌మేకర్ చరిత్రలోనూ కథ ఎవరిదన్న పేచీ ఉంది. ఒంటి లోపల అమర్చిన మొదటి పేస్‌మేకర్ 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే అతనికి పెట్టారు. తయారుచేసింది ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్, ఆపరేషన్ చేసింది ఓకె సెన్నింగ్. అది కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత లార్సన్ ఇరవైకి పైగా యంత్రాలు మార్చుకుని, ఆ ఇద్దరికన్నా ఎక్కువ కాలం బతికి, 2001లో ఎనభై ఆరో ఏట గుండెతో సంబంధంలేని జబ్బుతో పోయాడు. మనుషులకి పెట్టేంతగా యంత్రం ఇంకా సిద్ధం కాలేదని వాళ్ళిద్దరూ అంటున్నా వినకుండా, వాళ్ళ వెంటపడి ఒప్పించింది అతని భార్య ఎల్సె-మరీ. చరిత్ర ఆమెని 'భార్య' అన్న ఒక్క మాటతో దాటేస్తుంది. మన పత్రికలకి ఈ కథ దొరికితే 'ఆధునిక సావిత్రి' అని శీర్షిక పెడతాయి, సందేహం లేదు. ఆ పోలికే నన్ను ఇబ్బంది పెడుతుంది. సావిత్రి కథ అందరికీ నోటికొచ్చు. అదే భారతంలో, ఆదిపర్వంలో, పాము కరిచి చనిపోయిన ప్రమద్వరకి రురుడు తన ఆయుష్షులో సగం ఇచ్చి బతికించుకున్నాడు. ఆ నోము ఏ మగవాడైనా పట్టాడా? నా కోసం డాక్టర్లతో వాదించిందీ, గాజులు అమ్మిందీ మా అమ్మ.

ఈ వెతుకులాటలో నాకు బాగా పనికొచ్చిన పుస్తకం నెల్లీ ఔడ్‌షూర్న్ రాసిన 'రెసిలియెంట్ సైబోర్గ్స్' (2020). ఈ డచ్ పరిశోధకురాలు అంతకుముందు సెక్స్ హార్మోన్ల చరిత్ర మీదా, మగవాళ్ళ గర్భనిరోధక మాత్ర మీదా పుస్తకాలు రాసింది. పేస్‌మేకర్లతో, డీఫిబ్రిలేటర్లతో బతకడం, చనిపోవడం ఈ పుస్తకంలో విషయం. డోనా హారవే 1985లో సైబోర్గ్‌ని ఒక రాజకీయ ఊహగా మన ముందు పెట్టింది. ఔడ్‌షూర్న్ ఆ ఊహని పట్టుకుని క్లినిక్కులో బెంచీ మీద కూచోబెట్టింది. ఆమె అసలు వాదన నాకు నా జీవితాన్ని చదివి వినిపించినట్టుంది: యంత్రం పెట్టేశాక రోగి పనేమీ ఉండదని అందరూ అనుకుంటారు, కానీ యంత్రంతో బతకడమే ఆగని చాకిరీ. ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర చెప్పుకోవాలి, ఫోను ఎడమ జేబులో పెట్టుకోకూడదు, బ్యాటరీ లెక్క గుర్తుండాలి, ఒంటి కొత్త చప్పుళ్ళు నేర్చుకోవాలి. మచ్చ గురించీ, పట్టీ ఒరిపిడి గురించీ స్త్రీలు చెప్పే మాటలని ఆమె అలంకారపు గొడవలుగా కొట్టిపారేయలేదు. చాకిరీ అన్న మాట నాది. ఇంటిపనికి మనం సంపాదించి పెట్టుకున్న మాట అది, ఇక్కడికీ సరిపోతుంది.

యంత్రం ఎవరిని ఊహించి తయారైందన్న ప్రశ్నకి ఇద్దరు స్త్రీల అనుభవాలు చాలు. అమెరికన్ న్యాయవాది కారెన్ శాండ్లర్‌కి డీఫిబ్రిలేటర్ ఉంది. ఆమె గర్భంతో ఉన్నప్పుడు సహజంగా వచ్చే గుండెదడని అది ప్రమాదమనుకుని షాకులు కొట్టింది. తన ఒంట్లో ఉన్న యంత్రం నడిచే ప్రోగ్రాము చూపించమని కంపెనీలని అడిగితే ఎవరూ చూపించలేదు. నార్వే పరిశోధకురాలు మరీ మో లండన్‌లో మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ కూలబడినంత పనయింది. నాడి నూట అరవైకి చేరగానే పేస్‌మేకర్ దాన్ని సగానికి కోసేసింది. ముసలివాళ్ళకి సరిపోయే హద్దు, ముప్ఫైల్లో ఉన్న ఆవిడకి.

ఔడ్‌షూర్న్ పుస్తకంతో నాకు పేచీ కూడా ఉంది. ఆమె మనుషులు ఎక్కువగా నెదర్లాండ్స్, అమెరికాల వాళ్ళు. అక్కడ యంత్రం వచ్చాక బతకడం ఎలా అన్నది ప్రశ్న. నేను నెలనెలా కూచునే వరండాలో ప్రశ్న అంతకుముందే మొదలవుతుంది: ఆసుపత్రికి ఎవరు తీసుకొస్తారు, ఎన్ని వైర్లకి డబ్బుంది, ఆయాసమని చెప్తే ఎవరు నమ్మారు. 1991లో బెర్నడీన్ హీలీ అనే కార్డియాలజిస్టు, ఐజాక్ సింగర్ కథలో చదువుకోసం మగవేషం వేసిన యెంట్ల్ పేరుని అరువు తెచ్చుకుని, మగవాడిలాంటి గుండెజబ్బే తనకీ ఉందని రుజువు చేసుకుంటే తప్ప స్త్రీకి సమానమైన వైద్యం అందడం లేదని రాసింది. ఒక కథ వైద్యశాస్త్రానికి పేరు పెట్టింది. నా పక్కన కూచునే ఒకావిడకి రెండేళ్ళు గ్యాసు మందులిచ్చారు. ఆవిడ యెంట్ల్ కథ వినలేదు కానీ, "మా ఆయనకైతే మొదటిరోజే ఈసీజీ తీసేవాళ్ళమ్మా" అంది.

నీటి మాత్ర సంగతి ఏ సిద్ధాంతంలోనూ లేదు, కాబట్టి ఇక్కడ రాస్తాను. ఒంట్లో చేరిన నీరు పోవడానికి పొద్దున్నే వేసుకునే మాత్ర అది. వేసుకున్న గంట నుంచీ నాలుగైదు సార్లు వెళ్ళాలి. సెమినార్లకి బస్సులో వెళ్ళే రోజు నేనది మానేస్తాను, ఎందుకంటే దారిలో ఆడవాళ్ళు వెళ్ళగలిగే చోటు లేదు. మానేస్తే రాత్రికి పడుకోలేను, రెండు దిండ్లకి ఆనుకుని కూచుంటాను. 'స్త్రీ దేహం - ఆధునికత' మీద పేపరు చదివిన రోజు అలాగే చేశాను.

మూణ్ణెల్ల క్రితం పెట్టె మార్చి మూడు వైర్లది పెట్టారు. ఒకటి పై గదికి, రెండు కింద గదులకి చెరోవైపు. బలహీనపడ్డ గుండె రెండు పక్కలా కలిసి ముడుచుకునేలా చెయ్యడం దీని పని. మెట్లెక్కగలుగుతున్నాను. ఇంకో సంగతి ఆపరేషన్‌కి ముందు ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. పై గదికి వైరు పడింది కాబట్టి ఇప్పుడు దాని కబురు కిందికి చేరుతుంది. ఒక రాత్రి పాత ఫైళ్ళు సర్దుతుంటే నాన్న రాసిన ఉత్తరం కనిపించింది. చదువుతూ ఉండగా ఛాతీలో ఏదో తన్నింది. జబ్బు తిరగబెట్టిందని భయపడి నాడి పట్టుకున్నాను. నూట ఎనిమిది. కుర్చీలోంచి కదల్లేదు నేను.

రెండు వారాల తర్వాత చెకప్‌కి వెళ్తే, టెక్నీషియన్ కుర్రాడు తెర మీద గీతలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. "ఈ రాత్రి రేటు పెరిగింది మేడమ్. ఏమైనా పరిగెత్తారా?"

లేదన్నాను. సరేనని రాసుకున్నాడు. ఆ గీత కాపీ నాకొకటి ఇమ్మన్నాను. రోగులకి ఇవ్వమన్నాడు.